ఎడమ మడ్‌గార్డు మీది లప్పం

హోరేస్ ట్రోమన్స్‌కి వంకర అంటే పడదు. గోడ మీద పటం వెంట్రుకవాసి ఒరిగి ఉంటే, అది పరాయివాళ్ళ ఇల్లయినా సరే, లేచి సరిచేసి వచ్చి కూర్చునేవాడు. చాపెల్‌లో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఈయన ఒక కన్ను తెరిచి బల్లల వరస సూటిగా ఉందో లేదో చూసుకునేవాడు. ఇంగ్లండులో ఇనప పనులకి పేరున్న క్రేడ్లీ హీత్‌లో ఆయన్ని తెలిసినవాళ్ళు దాన్ని గుణమనేవారు. ఆయన భార్య మ్యూరియల్ మాత్రం రోగమనేది.

చిన్నతనంలోనే బడి మానేసి ఇనుము పోతపోసే ఫౌండ్రీలో చేరాడు. అక్కడ ఆయన పని చెక్కతో నమూనాలు చేయడం. ఆ నమూనాని ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తే చక్రమో గొట్టమో తయారవుతుంది. చల్లారేటప్పుడు ఇనుము కాస్త కుదించుకుంటుంది కాబట్టి నమూనాని రవ్వంత పెద్దదిగా చేయాలి. అందుకే ఆ పనివాళ్ళ దగ్గర ఒక వింత స్కేలు ఉంటుంది. దాని మీద అంగుళం మామూలు అంగుళం కన్నా కొంచెం పొడుగు. బతుకంతా ఆ అబద్ధపు స్కేలు పట్టుకుని నిజమైన వస్తువులు చేసినవాడు హోరేస్. ఆఖరికి ఫౌండ్రీ మూతపడింది. ఊళ్ళో మగవాళ్ళు సగం మంది కిటికీల దగ్గర కూర్చుని వీధి చూడటం మొదలుపెట్టారు. హోరేస్‌కి కూర్చోవడం రాదు. పెరట్లో షెడ్డు తలుపు తీశాడు.

ఆ తలుపు తీయడం మ్యూరియల్‌కి ఇష్టం లేదు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు డెరిక్ తన కారు తనే కట్టుకున్నది ఆ షెడ్డులోనే. పాత కారు ఇంజను, ఇనప గొట్టాలతో తండ్రీకొడుకులు వెల్డింగ్ చేసిన చాసీ అనే అడుగు చట్రం, దాని మీద కంపెనీవాళ్ళు పంపిన ఫైబర్‌గ్లాస్ రేకులు. ఆ రోజుల్లో మా ప్రాంతంలో కుర్రాళ్ళకి అదొక పిచ్చి. ఇద్దరూ కలిసి చేసిన మంచి పని అదొక్కటే. మిగతా అన్నిటికీ ఉప్పూ నిప్పూ.

డెరిక్ కూడా ఫౌండ్రీలోనే, తండ్రి బల్ల పక్కనే పని నేర్చుకున్నాడు. ఒకనాడు ఉలి జారి బొటనవేలి కండ ఏటవాలుగా తెగి, మచ్చ మిగిలిపోయింది. "ఆ మచ్చే నీకు సర్టిఫికెట్టు" అన్నాడు హోరేస్, జాలి పడటం చేతకాక. కొన్నాళ్ళకి డెరిక్ ఫౌండ్రీ వద్దన్నాడు. దూరాన తూర్పు తీరంలో ఫైబర్‌గ్లాస్ పడవలు చేసే చోట ఉద్యోగం చూసుకున్నాడు. నవంబరులో ఒక తెల్లవారుజామున, ఇంట్లో కేకలు. "ఈ గడప మళ్ళీ తొక్కను" అని డెరిక్ కారెక్కాడు. ఆ విసురులో గేటు దాటుతుంటే ఎడమవైపు వెనక మడ్‌గార్డు నీలి ఇటుకల స్తంభానికి రాసుకుపోయింది. రోజుల తరబడి నునుపు చేసిన మడ్‌గార్డు అది. హోరేస్ గుమ్మంలోంచి అరిచాడు. "చేతకాని వెధవా! ఆ గీత పూడ్చిందాకా ఆ బండిని నా గేటులోకి తేవద్దు!"

ఆ కొడుకు మళ్ళీ రాలేదు. కారూ దొరకలేదు. పడవల యజమాని, కుర్రాడు వచ్చాడనీ, సోమవారం పనిలో చేరతానని చెప్పి మధ్యాహ్నమే బయల్దేరాడనీ పోలీసులకి చెప్పాడు. ఆ తర్వాత ఏమైందో చెప్పగలిగినవాడు లేడు. పోలీసులు సముద్రపు ఒడ్డంతా వెతికి, టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని వచ్చి కూర్చుని టీ తాగి వెళ్ళారు. వాడు ఎక్కడో బతికే ఉన్నాడు, తండ్రి మాటకి అలిగి రావడం లేదు అని మ్యూరియల్ నమ్మకం. హోరేస్ లోపల ఉన్నది వేరు. వాడు కారుని సముద్రంలోకి తనంతట తనే పోనిచ్చాడేమో అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతుండేది. పదేళ్ళు దాటినా దాన్ని పైకి అనలేదు.

ఇన్నాళ్ళకి, ఫౌండ్రీ మూతపడిన ఆ ఏడాది, మ్యూరియల్ కొంచెం మెత్తబడింది. చాపెల్ పక్క స్మశానంలో తన తల్లిదండ్రుల సమాధి రాయి మీద డెరిక్ పేరు కూడా చెక్కించడానికి ఒప్పుకుంది. రాయి చెక్కేవాడికి కబురు కూడా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే హోరేస్ షెడ్డులో, డెరిక్ కట్టిన రకం కారే మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే చేతులు ఊరుకోవడం లేదన్నాడు. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు.

పాత కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. తూర్పున లింకన్‌షైర్ పల్లపు నేలల్లో క్రౌసన్ అనే ఆయన ఆ రకం రేకులు ఇంకా పోస్తున్నాడని తెలిసి, పక్కింటి లెన్ బిల్లింగమ్ తన వ్యానులో వెళ్ళి తెచ్చిపెట్టాడు. లెన్ ఒకప్పుడు గొలుసులు చేసేవాడు. నోరు మాత్రం ఏ గొలుసుకీ లొంగదు.

రేకులు తెల్లగా, లోపల గాజు నూలు పోగులు కనిపించేలా ఉన్నాయి. పొగమంచు పట్టిన కిటికీకి ఆనించి నిలబెడితే, వెలుతురు వాటిలోంచి వచ్చి షెడ్డంతా పాల రంగు పరుచుకునేది. మొదట్లోనే చిక్కొచ్చింది. చాసీ మీద పెడితే ఒక్క రేకూ కుదరదు. అన్నీ కొంచెం కొంచెం పొట్టి.

"నీ చాసీయే పెద్దదైందేమో చూడవయ్యా" అన్నాడు లెన్. "ముసలితనంలో మనకి పొట్ట పెరిగినట్టు."

"నా చాసీకి వంక పెడితే నీ పళ్ళు రాలతాయి. అదే కొలత, అదే బల్ల" అని హోరేస్ తన పాత స్కేలు తీశాడు. రేకు మీద పెట్టి చూశాడు, మళ్ళీ చూశాడు. తరవాత నవ్వాడు. "దొంగ సచ్చినోడు! వీడి దగ్గర అసలు అచ్చులు లేవు లెన్. ఎవరిదో పూర్తయిన కారు మీదే రెసిన్ బంక పూసి అచ్చు తీసుకున్నాడు. ఆ అచ్చు ఆరి కాస్త కుదించుకుంది, అందులో పోసిన రేకు ఇంకాస్త కుదించుకుంది. ఇది కారు కాదు, కారుకి నకలుకి నకలు."

"అంటే కారు దయ్యమన్నమాట" అన్నాడు లెన్. అని తనే ఎందుకో నవ్వలేదు.

కుదరనిదాన్ని కుదిర్చడమే హోరేస్ విద్య. బోల్టు రంధ్రాలను పొడుగ్గా సాగదీశాడు, సందుల్లో వాషర్లు పేర్చాడు. రేకుల్ని తాళ్ళతో చాసీకి బిగించి, కిరోసిన్ హీటరు పెట్టి వెచ్చబడనిచ్చాడు. వెచ్చబడితే ఫైబర్‌గ్లాస్ మెత్తబడి చెప్పిన మాట వింటుంది, చల్లారాక ఆ వంపులోనే నిలుస్తుంది. ఎడమవైపు వెనక మడ్‌గార్డు మీద మాత్రం ఒళ్ళు మండింది. అసలు కారుకి ఎవడో అక్కడ లప్పం పెట్టాడు. ఉప్పుకాగితంతో రుద్దలేదు, చివర బొటనవేలితో అదిమి వదిలేశాడు. ఫైబర్‌గ్లాస్ అచ్చు వెంట్రుకని కూడా వదలదు కదా, ఆ వేలి గుంట అలాగే దిగింది. "ఇది పని చేసిన చేయి కాదు, పేడ పిసికిన చేయి" అని తిట్టుకుంటూ ఉప్పుకాగితం తీసుకుని అరగదీయడం మొదలుపెట్టాడు. వేలి గుంట సగం పోయేసరికి సాయంత్రం భోజనానికి పిలుపు వచ్చింది.

వంటింట్లో మ్యూరియల్ బల్ల దగ్గర కదలకుండా నిలబడి ఉంది. బఠాణీల గిన్నె చేతిలోనే ఉంది.

"షెడ్డులో ఎవరున్నారు?" అంది.

"ఎవరుంటారు? నేనిక్కడే ఉన్నానుగా."

"విను."

విన్నాడు. షెడ్డులోంచి టక్, టక్ అని చప్పుడు. కాసేపు ఆగి మళ్ళీ టక్. డెరిక్ రేకుల్ని వేలి కణుపులతో తట్టి, ఎక్కడ పల్చగా ఉందో చూసే చప్పుడు సరిగ్గా అలాగే ఉండేది.

"హీటరు ఆపి వచ్చాను. రేకులు చల్లారుతుంటే అలా చిటపటమంటాయే, అంతే" అన్నాడు హోరేస్. మాట సరైనదే. గొంతే సరిగ్గా లేదు.

పదేళ్ళలో మొదటిసారి మ్యూరియల్ పెరడు దాటి షెడ్డులోకి వచ్చింది. తాళ్ళతో కట్టి ఉన్న తెల్లటి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ముందువైపు ఆగింది.

"ఇది వాడి కారు."

"అదే రకం అంతేనే."

"రకం కాదయ్యా. వాడి కారే. ఆ లైట్ల మీద కనురెప్పలు చూడు. లారీ లైట్లు పెద్దవైపోయాయని మీరిద్దరూ నా కేకు గిన్నె పట్టుకొచ్చి వంపు తీసి పెట్టారు. నా గిన్నె పాడుచేశారని వారం రోజులు తిట్టాను. ఇంకెవడి కారుకి నా గిన్నె వంపు ఉంటుంది?"

హోరేస్ వంగి ఆ వంపు మీద చేయి వేశాడు. తను వారాల తరబడి ఆ కనురెప్పల్ని చేత్తో తడుముతూనే ఉన్నాడు, చేతికి తెలిసినా బుర్రకి తెలియలేదు. మెల్లగా కారు వెనక్కి వెళ్ళి, నెంబరు పలక వచ్చే చోట పెన్సిలు పొడి చల్లి వేలితో రుద్దాడు. ఫౌండ్రీలో నమూనాల మీద అంటించే సీసపు అక్షరాలు రెండు, డెరిక్ సరదాగా అక్కడ అంటించుకున్నవి, మసగ్గా పైకి తేలాయి. డి, టి. డెరిక్ ట్రోమన్స్.

మ్యూరియల్ ఏడవలేదు. ఆమె మొహం వెలిగింది, అదే హోరేస్‌ని భయపెట్టింది. "చెప్పానా లేదా? కారు సముద్రంలో ఉంటే దాని మీద అచ్చు ఎలా తీస్తారు? వాడు ఉన్నాడు. రాయివాడికి వద్దని చెప్పు." ఆ సాయంత్రం ఆమె మేడ మీద కొడుకు మంచానికి దుప్పట్లు మార్చి, వాటిలో వేడినీళ్ళ సంచీ పెట్టింది. మర్నాడూ పెట్టింది. ఇంట్లో ముగ్గురు ఉన్నట్టు మెట్లు ఎక్కి దిగుతుండేది.

హోరేస్ మాత్రం స్కేలు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. నీలి ఇటుక మీద గీత ఇంకా ఉంది. దాని ఎత్తు కొలిచి వచ్చి మడ్‌గార్డు మీద చూస్తే, కుదింపు పోను, సరిగ్గా ఆ లప్పం ఉన్న చోటే. అంటే ఆ లప్పం కింద ఉన్నది ఆ తెల్లవారుజామున పడ్డ గీతే. దాన్ని ఎవరు పూడ్చారు? క్రౌసన్ పూడ్చాడా, లేక డెరిక్ పూడ్చాడా? డెరిక్ అయితే, ఆ వేలి గుంటలో ఉలి మచ్చ అడ్డంగా పడి ఉండాలి. వంగి, కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు. మచ్చ ఉండవలసిన సగాన్ని తన ఉప్పుకాగితమే తినేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? షెడ్డు నేల మీద తెల్లటి పొడి పడి ఉంది. దాన్ని ఊడ్చడానికి ఆయనకి చేయి రాలేదు.

రెండు రోజులకి లెన్ వ్యానులో ఇద్దరూ తూర్పుకి బయల్దేరారు. పల్లపు నేలల్లో కొండా గుట్టా ఉండదు. రోడ్డు పక్కనే నిటారుగా కోసిన మురుగు కాలువలు, వాటి నిండా నల్లటి నీళ్ళు. దారిపొడుగునా జోకులు వేసే లెన్ అక్కడికి వచ్చేసరికి చక్రం రెండు చేతులా పట్టుకుని, "ఇక్కడ తుమ్మితే కాలవలో పడతాం" అని మాత్రం అన్నాడు. ఆ మాటకి హోరేస్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

క్రౌసన్ దగ్గుతూ తలుపు తీశాడు. రెసిన్ వాసన గుప్పుమంది. అది ఒకప్పటి బంగాళాదుంపల గోదాము. దూలాలకి అచ్చులు వేలాడుతున్నాయి, లోపలివైపు బయటికి తిప్పేసిన కార్లలా. ఎదురుగా డెరిక్ కారు ముందు భాగం అచ్చు ఉంది. నిజానికి అది గుంట. కానీ ఆ వెలుతురులో ఉబ్బెత్తుగా, కళ్ళతో సహా ఒక మొహంలా కనిపించింది. హోరేస్ కుడికి జరిగితే ఆ మొహం కుడికి తిరిగింది. ఎడమకి జరిగితే ఎడమకి. గుంటని చూస్తే కన్ను అలా మోసపోతుందని ఫౌండ్రీలో మొదటి ఏడాదే నేర్పుతారు. అయినా ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆ కారు మీకెక్కడిది?" అని అడిగాడు.

క్రౌసన్ వాళ్ళిద్దర్నీ ఎగాదిగా చూశాడు. "మీరు పోలీసులా?"

"ఆ కుర్రాడి తండ్రిని."

క్రౌసన్ ఉన్న ఒక్క కుర్చీ ఆయనకి లాగి, తను డబ్బా మీద కూర్చున్నాడు. "అయ్యా, డెబ్బై ఆరు ఎండాకాలం గుర్తుందా? కాలవలన్నీ నెర్రెలిచ్చాయి. అవతల పొలం ఆయన కాలవలో కారు బయటపడింది. ట్రాక్టరుతో లాగి, నన్ను పట్టుకుపొమ్మన్నాడు. ఎవరికైనా చెబితే పొలమంతా తవ్వుతారని భయం ఆయనకి. ఇప్పుడాయన లేడు. నేనూ అడగలేదు, అది నా తప్పే. చాసీ తుప్పై రాలిపోయింది. ఈ ఫైబర్‌గ్లాస్ ఉంది చూశారూ, దీనికి చావు లేదు. బురద కడిగితే నిన్నటిదానిలా ఉంది."

"లోపల?"

"ఎవరూ లేరు. ఒట్టు. పైన గుడ్డ టాపు చిరిగి ఉంది. వరద నీళ్ళు ఎన్ని చలికాలాలు దాంట్లోంచి పారాయో. తూములు తీస్తే ఆ నీళ్ళన్నీ సముద్రానికే పోతాయి."

లెన్ టోపీ తీశాడు. హోరేస్ మాత్రం ఇంకా అడగవలసింది ఉన్నవాడిలా కూర్చున్నాడు. "కారు ముక్కు ఏ వైపుంది?"

"పడమటికి. మీ ఊళ్ళవైపు."

"ఎడమ వెనక మడ్‌గార్డు మీద లప్పం మీరే పెట్టారా?"

"అలా నేను పెడితే నన్ను ఈ పనిలో ఎవరు ఉంచుతారు? అది బురద కింద అలాగే ఉంది. రుద్దుదామనుకుని బద్ధకించాను. వెనక డిక్కీలో లప్పం డబ్బా కూడా ఉంది, మూత బిగించి. ఉండండి, దాని అచ్చు చూపిస్తాను."

పై నుంచి దించి, దుమ్ము తుడిచి, కిటికీ దగ్గర పెట్టాడు. కారు మీద ఏది గుంటో అచ్చులో అది ఉబ్బు. డెరిక్ లప్పంలో అదిమిన చోట ఈ అచ్చులో ఒక బొటనవేలి కండ పైకి లేచి ఉంది. వేలి గీతలు సన్నగా, సుడి తిరిగి, వాటికి అడ్డంగా ఏటవాలుగా ఉలి మచ్చ. గోడలోంచి ఎవరో వేలు బయటికి పెట్టినట్టు ఉంది. హోరేస్ దాని మీద తన బొటనవేలు పెట్టాడు. తీయడానికి చాలాసేపు పట్టింది.

వాడు ఎక్కడో రోడ్డు పక్కన ఆగాడు. డబ్బా తీసి, గీత పూడ్చి, వేలితో అదిమాడు. చావబోయేవాడు మడ్‌గార్డు పూడ్చుకోడు. గేటులోకి రావాలనుకున్నవాడే పూడ్చుకుంటాడు. పదేళ్ళ జోరీగ ఆ క్షణాన ఆగింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. నవంబరు చలిలో లప్పం అంత తేలిగ్గా ఆరదు. కదిలితే దుమ్ము పడుతుందని వాడు ఆరేదాకా కాచుకుని ఉంటాడు, అలా కాచుకోవడం నేర్పింది తనే.

"ఇక్కడ పొగమంచు ఎప్పుడు దిగుతుంది?" అని అడిగాడు.

"నవంబరులోనా? మధ్యాహ్నం తిరిగితే చాలు. ముందు చక్రం కూడా కనబడదు."

హోరేస్ తల ఊపాడు. ఆగకుండా వచ్చేసి ఉంటే వాడు వెలుతురుండగానే ఆ కాలువలు దాటేవాడు. ఆ సంగతి ఆయన లెన్‌కి చెప్పలేదు, బతికున్నంతకాలం భార్యకీ చెప్పలేదు. చివరి జబ్బులో, చాపెల్ తరఫున చూడటానికి వెళ్ళిన నాకు చెప్పాడు, పక్కన నేనొక్కడినే ఉన్నాను కాబట్టి.

క్రౌసన్ ఆ అచ్చుని గోనెపట్టాలో చుట్టి ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చేసరికి మ్యూరియల్ గుమ్మంలోనే ఉంది. వ్యానులోంచి ఎవరెవరు దిగుతారా అని చూస్తోంది. ఇద్దరే దిగారు. హోరేస్ పట్టా విప్పి వంటింటి బల్ల మీద అచ్చు పెట్టాడు. కాలువ సంగతి చెప్పాడు, ఎండాకాలం సంగతి చెప్పాడు, కారు ముక్కు ఎటు ఉందో చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ఆయన మొహం చూడలేదు.

"గీత పూడ్చాడు మ్యూరియల్" అన్నాడు. "గేటులోకి రావడానికి."

ఆమె ఆ వేలిని పట్టుకుంది. చిన్నపిల్లవాణ్ణి రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు, నాలుగు వేళ్ళతో.

"ఇంత చిన్నగా ఉందేమిటి?" అంది. "వాడి వేలు ఇంతకన్నా లావు కదా."

"అచ్చు తీస్తే కుదించుకుంటుందే."

"చిన్నప్పుడు ఇంతే ఉండేది" అంది.

కెటిల్ కూత పెట్టి పెట్టి ఊరుకుంది. లెన్ ఎప్పుడు వెళ్ళిపోయాడో ఇద్దరికీ తెలియదు. చివరికి మ్యూరియల్ లేచి మేడ మీదికి వెళ్ళింది. కొడుకు మంచంలోంచి వేడినీళ్ళ సంచీ తెచ్చి, బిరడా తీసి, నీళ్ళన్నీ సింకులో ఒంపేసింది. గోరువెచ్చని నీళ్ళు చాలాసేపు కారాయి.

"రాయివాడికి మళ్ళీ కబురు పెట్టు" అంది అటు తిరిగే. "పేరు కింద 'ఇంటికి వస్తూ' అని చెక్కమను. అక్షరాలు వంకర పోకుండా నువ్వు దగ్గరుండి చూసుకో."

హోరేస్ ఆ కారు పూర్తి చేశాడు, రంగు వేశాడు, చాపెల్‌కి ఆమెని అందులోనే తీసుకువెళ్ళేవాడు. చూసినవాళ్ళందరూ అద్దంలా ఉందనేవారు. కానీ ఎడమవైపు వెనక మడ్‌గార్డు మీద వేలెడంత చోట నునుపు చేయకుండా వదిలేశాడు, అది చూసి ఏమయ్యా నీకు కూడా చేతకాకుండా పోయిందా అని కొత్తవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆయన ఆ చోట బొటనవేలు ఒకసారి ఆనించి, వెళ్ళి బండి తలుపు తీసేవాడు.